పిడి బిగిస్తేనే పేలే పిస్టల్: హెక్లర్ అండ్ కోచ్ పీ7

నమస్కారం. ఈ పిస్టల్‌కు వేలితో తిప్పే సేఫ్టీ మీట లేదు. అయినా పట్టు వదిలిన మరుక్షణం నుంచి ఇది పేలదు. జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోచ్ చేసిన పీ7 ఇది. 2008లో దీని తయారీ ఆగిపోయింది.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఉగ్రవాదులు ఇజ్రాయెల్ బృందంపై దాడి చేశారు. 11 మంది క్రీడాకారులు, కోచ్‌లు చనిపోయారు. ఆ తర్వాత పశ్చిమ జర్మనీ పోలీసులకు 9 మిల్లీమీటర్ల తూటా కాల్చే కొత్త పిస్టల్ కావాల్సి వచ్చింది. ఒరలోంచి తీయగానే కాల్చగలగాలి, మీటలతో పని ఉండకూడదు. వాల్తర్, సిగ్ సావర్ కంపెనీలు తెలిసిన దారిలోనే వెళ్లి, ట్రిగ్గర్ నొక్కుతోనే సుత్తి లేచేలా చేశాయి. హెక్లర్ ఇంజినీర్లు మాత్రం పిడినే మీటగా మార్చారు.

పిడి ముందువైపు, మూడు వేళ్లు ఆనే చోట, పొడవాటి లివర్ ఉంటుంది. దాన్ని బిగిస్తే లోపల స్ట్రైకర్, అంటే తూటాను పొడిచి పేల్చే సూది, సిద్ధమవుతుంది. వదిలితే దానంతటదే దిగిపోతుంది. బిగించడానికి సుమారు 7 కిలోల బలం కావాలి, ఆ తర్వాత పట్టి ఉంచడానికి కిలో బలం చాలు.

లోపలి పనితనం ఇంకా ముచ్చటగా ఉంటుంది. కాల్చగానే కొంత గ్యాస్ చిన్న రంధ్రంలోంచి బ్యారెల్ కింది సిలిండర్‌లోకి దూరి, స్లైడ్‌తో (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) పాటు వెనక్కి వచ్చే పిస్టన్‌ను అడ్డుకుంటుంది. మూతిని వేలితో మూసి సైకిల్ పంపు నొక్కి చూడండి, తెలుస్తుంది. దీనివల్ల బ్యారెల్ ఊగకుండా ఫ్రేముకే బిగిసి ఉంటుంది, గురి చక్కగా కుదురుతుంది.

ఆ గ్యాస్ వేడి మాత్రం సరిగ్గా ట్రిగ్గర్ పైనే చేరుతుంది. వరసగా కాలిస్తే వేలు చుర్రుమంటుంది. తర్వాత వచ్చిన పీ7 ఎం8 రకంలో అందుకే ప్లాస్టిక్ అడ్డు పెట్టారు. నా లెక్కలో అంతకంటే పెద్ద లోపం వేరే ఉంది. కంగారులో ఎవరైనా పిడి బిగిస్తారు. అప్పటికే వేలు ట్రిగ్గర్ మీద ఉంటే అంతే సంగతులు. శిక్షణ లేని చేతికి ఇవ్వాల్సిన పిస్టల్ కాదిది.

ఇక ధర. అంతా ఉక్కును చెక్కి చేసిన పని. 1980లలో ప్లాస్టిక్ ఫ్రేముతో గ్లాక్ చవకగా వచ్చాక, ఇంత ఖరీదు పెట్టే పోలీసు శాఖలు తగ్గిపోయాయి.

హైదరాబాద్‌లో కొనవచ్చా అని అడిగేవాళ్లకు ముందే చెబుతున్నాను: 9 మిల్లీమీటర్ల పిస్టల్ మన ఆయుధ నిబంధనల్లో నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు అనుమతి లేని గొట్టం సైజు. లైసెన్సు ఉన్నా మామూలు పౌరులు .32 లాంటి నిషిద్ధం కాని బోర్లతోనే సరిపెట్టుకోవాలి.