ప్లాట్ కొనే ముందు నీళ్ల దారి చూడండి: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈరోజు మనతో హైదరాబాద్‌లో చాలా ఏళ్లు టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన అధికారిణి ఉన్నారు. ఇల్లు, ప్లాట్, రోడ్డు, నాలా, పార్కు... నగర ప్రణాళికకు సంబంధించి ఏదైనా అడగవచ్చు. మొదటి కాల్ అప్పుడే వచ్చేసింది. హలో, చెప్పండమ్మా.

శ్రోత (శంషాబాద్ వైపు నుంచి): నమస్తే మేడమ్. మా ఆయన ఆటో నడుపుతారు. ఇన్నాళ్లూ కూడబెట్టి 150 గజాల ప్లాట్ ఒకటి చూశాం. దగ్గరలో చెరువు ఉంది కానీ నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పట్టా భూమే, రిజిస్ట్రేషన్ కూడా చేసిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

నిపుణురాలు: బయానా ఇచ్చారా అమ్మా?

శ్రోత: ఇంకా లేదు మేడమ్. ఎల్లుండి ఇమ్మన్నారు.

నిపుణురాలు: ఇవ్వకపోవడం మంచిదైంది. ప్లాట్ ఎప్పుడు చూశారు?

శ్రోత: మే నెలలో.

నిపుణురాలు: మేలో ఏ చెరువైనా చిన్నగానే కనిపిస్తుందమ్మా. చెరువు హద్దును ఆ రోజు నిలిచిన నీళ్లతో లెక్కేయరు. అలుగు ఉంటుంది కదా, చెరువు నిండితే నీళ్లు బయటికి పొర్లే చోటు, నీళ్లు ఆ అలుగు మట్టానికి వచ్చినప్పుడు ఎంత మేర ముంపులో ఉంటుందో, అక్కడిదాకా చెరువే. దాన్నే ఎఫ్‌టీఎల్, ఫుల్ ట్యాంక్ లెవెల్ అంటారు. నాలుగేళ్లు వానలు లేక నేల బీటలు వారినా ఆ గీత కదలదు. ఆ గీత దాటాక కూడా కొంత జాగా వదలాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. ఆ బఫర్‌లో ఇంటికి పర్మిషన్ రాదు.

శ్రోత: మరి పట్టా ఉందంటున్నారు కదా మేడమ్?

నిపుణురాలు: పట్టా నిజమే అయి ఉండవచ్చు. ఎఫ్‌టీఎల్ లోపల కూడా పట్టా భూములు ఉంటాయి. నీళ్లు తగ్గినప్పుడు అక్కడ సాగు చేసుకునేవాళ్లు. భూమి ఎవరిదో పట్టా చెబుతుంది, అందులో ఏం కట్టవచ్చో చెప్పదు. రిజిస్ట్రేషన్ కూడా అంతే, అమ్మకం నమోదైందని మాత్రమే దాని అర్థం. ఈ రెండు కాగితాలు చూపించి అమ్మేస్తుంటే, జీవితమంతా కష్టపడ్డ డబ్బు పోసి కొన్నవాళ్లు నా టేబుల్ ముందు కూర్చుని ఏడ్చేవాళ్లు. అప్పటికి నా చేతిలో ఏమీ ఉండేది కాదు. అందుకే బయానా ఇచ్చే ముందే అడగమని కనబడ్డ ప్రతివాళ్లకూ చెబుతుంటాను.

వ్యాఖ్యాత: ఆవిడ ఇప్పుడు ఏం చేయాలి మేడమ్?

నిపుణురాలు: సర్వే నంబర్ తీసుకోమ్మా. దాన్ని హెచ్ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, మాస్టర్ ప్లాన్‌లో చూసి, ఆ భూమిని నివాసానికి కేటాయించారా, కన్జర్వేషన్ జోన్‌లో పెట్టారా తెలుసుకో. చెరువు మ్యాపులు హెచ్ఎండీఏ వెబ్‌సైట్‌లో ఉంటాయి. లేఅవుట్‌కు అనుమతి నంబర్ ఏదని అమ్మేవాళ్లను అడుగు. పంచాయతీ స్టాంపు చూపిస్తే సరిపోదు, హెచ్ఎండీఏ లేదా డీటీసీపీ, అంటే రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ, అనుమతి ఉండాలి. ఇంకో మాట. ఆ ఊళ్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ చేనును పూర్వం ఏమని పిలిచేవారో అడుగు.

శ్రోత: మా మామయ్యది ఆ పక్క ఊరే. ఇంట్లోనే ఉన్నారు. అడిగి మళ్లీ చేస్తాను మేడమ్.

వ్యాఖ్యాత: తప్పకుండా చేయండమ్మా. తర్వాతి కాల్ కూకట్‌పల్లి వైపు నుంచి.

శ్రోత: నమస్కారం. కాలనీ సంఘం కార్యదర్శిని. రెండుసార్లు సీసీ రోడ్డు వేయించాం, ఇళ్ల ముందు మట్టి లేకుండా టైల్స్ వేయించాం. అయినా గంట వాన పడితే మోకాళ్ల లోతు నీళ్లు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

నిపుణురాలు: రెండో రోడ్డు పాతదాని మీదే వేశారా, తవ్వి తీసి వేశారా సార్?

శ్రోత: మీదే వేశారు.

నిపుణురాలు: అంటే రోడ్డు మట్టం పెరిగింది, మీ గుమ్మాలు కిందికి పోయాయి. ఈసారి పాత పొర తీశాకే కొత్తది వేయమని రాసి అడగండి. ఇక టైల్స్ సంగతి. 200 గజాల స్థలం అంటే 167 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 30 మిల్లీమీటర్ల వానకు ఒక్క ఇంటి జాగాలోనే 5,000 లీటర్లు, అంటే వేసవిలో మీరు డబ్బులిచ్చి తెప్పించుకునే ఒక ట్యాంకర్. మట్టి ఉంటే అందులో కొంత ఇంకేది. ఇప్పుడు ప్రతి ఇల్లూ తన ట్యాంకర్‌ను వీధిలోకి వదులుతోంది.

శ్రోత: ఇంకుడు గుంతలు తవ్వించాం మేడమ్.

నిపుణురాలు: చివరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారు?

శ్రోత: అది... చేయించలేదు.

నిపుణురాలు: ఒండ్రు పట్టి ఉంటుంది. పైపొర ఇసుక, కంకర తీయించి, కడిగి మళ్లీ వేయించండి. ఏటా వానలకు ముందు ఈ పని చేసుకోవాలి. చెట్ల మొదళ్ల చుట్టూ, గోడల వెంబడి టైల్స్ పగలగొట్టించండి. మీ కాలనీ నీళ్లు ఏ నాలాలోకి, అక్కడి నుంచి ఏ చెరువులోకి పోతాయో ఒక ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని నడిచి చూడండి. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి. మధ్యలో ఎక్కడ ఇరుకైందో కళ్లతో చూస్తేనే ఫిర్యాదులో సరిగ్గా రాయగలరు.

వ్యాఖ్యాత: మరో కాల్. చదువుకునే అమ్మాయి లాగుంది గొంతు.

శ్రోత: నేను ఇంటర్ చదువుతున్నాను మేడమ్. హైదరాబాద్‌లో ప్లానింగ్ ఎప్పుడు మొదలైంది?

నిపుణురాలు: మంచి ప్రశ్న. 1908 సెప్టెంబర్ 28న మూసీకి భయంకరమైన వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. నదికి ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మధ్యలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. వరద నేర్పిన పాఠంతో మన ఊళ్లో ఆధునిక ప్లానింగ్ మొదలైందమ్మా. 2020 అక్టోబర్‌లో కాలనీలు మునిగినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు ప్రజల నుంచి అభ్యంతరాలు తీసుకుంటారు. నువ్వూ రాయవచ్చు. ఆ ప్లాన్ మ్యాపులో మీ వీధి ఏ రంగులో ఉందో చూసి, ఎందుకలా ఉందని అడుగు.

వ్యాఖ్యాత: మెహదీపట్నం నుంచి ఇంకొకరు.

శ్రోత: అమ్మా, నేను ఫుట్‌పాత్ మీద కూరగాయలు అమ్ముకుంటాను. రోడ్డు బాగు చేస్తామని మమ్మల్ని లేపేస్తున్నారు. మేము ఊళ్లో లేనట్టేనా?

నిపుణురాలు: ఎందుకు లేరమ్మా? 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది మీలాంటి వ్యాపారులే, ఎన్నికై రావాలి. సర్వే చేసి గుర్తింపు ఇచ్చేదాకా ఎవరినీ తీసేయకూడదని చట్టంలోనే ఉంది. మీ పేరు సర్వేలో ఉందా?

శ్రోత: కార్డు ఇచ్చారమ్మా, ఇంట్లో ఉంది.

నిపుణురాలు: దాని జిరాక్స్ రోజూ దగ్గర పెట్టుకోండి. ఒక్కరే కాకుండా పక్కవాళ్లతో కలిసి మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి, మీకు చూపించే జాగా ఏదో రాతపూర్వకంగా అడగండి. నడిచేవాళ్లకు దారి వదిలి బండి పెట్టుకుంటే కాలనీవాళ్లు కూడా మీ వైపు నిలబడతారు. మీరు లేకపోతే కిలో టమాటాకు వాళ్లూ బండి తీయాల్సిందే కదా.

వ్యాఖ్యాత: ఇందాకటి శంషాబాద్ అమ్మ మళ్లీ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: మేడమ్, మామయ్యను అడిగాను. ఆ చేనును 'అలుగు కింది మడి' అనేవారట.

నిపుణురాలు: అలుగు కిందా? అయితే నేను ఇందాక చెప్పింది ఒక్కటే చాలదమ్మా. మీ ప్లాట్ చెరువు లోపలి వైపు కాదు, చెరువు నిండాక నీళ్లు బయటికి దూకే వైపు ఉంది. అక్కడ ఎఫ్‌టీఎల్‌తో పాటు వాగు హద్దు చూడాలి. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్లలోపైతే 2 మీటర్లు వదలాలి. ఇప్పుడక్కడ వాగు కనిపిస్తోందా?

శ్రోత: లేదు మేడమ్. అంతా చదును చేసి రోడ్లు వేశారు. రాళ్లు పాతారు.

నిపుణురాలు: నేల మీద కనిపించకపోయినా గ్రామ నక్షాలో, అంటే ఊరి పాత మ్యాపులో, వాగు గీత ఉంటుంది. దాన్ని చదును చేస్తే గీత చెరిగిపోదు, చెరువు నిండిన ఏడాది నీళ్లు ఆ దారే వెతుక్కుంటాయి. నక్షా నకలు తీసుకుని, సర్వే నంబర్ రాసుకుని ఇరిగేషన్ ఆఫీసులో చూపించు. వాళ్ల జవాబు కాగితం మీద తీసుకున్నాకే బయానా మాట.

శ్రోత: ఎల్లుండి ఇవ్వలేమని ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను. రేపు పొద్దున మామయ్యను వెంటబెట్టుకుని పోతాం మేడమ్. నక్షా చూడటం ఆయనకు తెలుసు.