కార్డ్‌లెస్ ఫోన్‌లో రొద ఎక్కడి నుంచి వస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

కార్డ్‌లెస్ ఫోన్‌లో మాట సరిగా వినపడకపోతే హ్యాండ్‌సెట్ పాడైందనుకోవడం సహజం, ఎందుకంటే ఆ రొద మన చెవికి వినిపించేది అందులోంచే. నిజానికి అవతలి వారి మాట మనదాకా శుభ్రంగా రావాలంటే వీధిలోంచి ఇంట్లోకి వచ్చే ఫోన్ లైను బాగుండాలి, హ్యాండ్‌సెట్‌ను ఆనించి పెట్టే బేస్ అనే పెట్టెకు అడాప్టర్ ద్వారా అందే కరెంటు నిలకడగా ఉండాలి, బేస్‌కూ హ్యాండ్‌సెట్‌కూ మధ్య సాగే రేడియో తరంగానికి అడ్డు లేకుండా ఉండాలి. వీటిలో ఏది చెడినా ఫలితం హ్యాండ్‌సెట్‌లోనే వినిపిస్తుంది కాబట్టి, కారణం తెలుసుకోకుండా కొత్త ఫోన్ కొన్నవారికి డబ్బు ఖర్చవుతుంది తప్ప రొద తగ్గదు. వినికిడి మందగించిన పెద్దవారు దూరాన ఉన్న పిల్లలతో మాట్లాడుకోవడానికి ఈ ఫోన్ మీదే ఆధారపడిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. వారికి ప్రతి మాటా ముఖ్యమే గనుక దీన్ని చిన్న విషయంగా నేను చూడలేను.

అన్నిటికంటే ముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. తీగ ఉన్న మామూలు ఫోన్ ఒకటి, ఇరుగుపొరుగు నుంచి అడిగి తెచ్చుకున్నా సరే, బేస్‌ను పూర్తిగా తీసేసి అదే సాకెట్‌కు తగిలించండి. రిసీవర్ ఎత్తి, డయల్ టోన్ రాగానే ఏదైనా ఒక్క అంకె నొక్కండి. టోన్ ఆగిపోయి కొన్ని సెకన్లపాటు లైన్ నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో గరగరగానీ చిటపటగానీ వినిపిస్తే తప్పు కార్డ్‌లెస్ ఫోన్‌ది కాదు, లైనుది. వాన పడిన రోజున ఆ చప్పుడు పెరిగితే ఇక సందేహమే అక్కర్లేదు. రాగి తీగలో ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 48 వోల్టుల కరెంటు ఎప్పుడూ ఉంటుంది. అతుకు వేసిన చోట తేమ చేరితే ఆ కరెంటు వల్ల రాగికి చిలుము త్వరగా పడుతుంది, అతుకు క్షణానికొకసారి అంటుకుంటూ విడిపోతూ ఉంటుంది, మనకు చిటపటగా వినిపించేది అదే. స్తంభం నుంచి ఇంటికి లాగిన తీగ, పిట్టగోడ మీద టేపు చుట్టి వదిలేసిన అతుకు, గోడకున్న చిన్న పెట్టెలో వదులైన మరలు, ఇవే తరచుగా అనుమానించవలసిన చోట్లు. ఫోన్ మోగే సమయంలో ఆ తీగలో 75 వోల్టులకు పైగా వస్తుంది కాబట్టి తడి చేతులతోగానీ ఉరుములు మెరుపులప్పుడుగానీ దాన్ని ముట్టుకోకండి. ఫిర్యాదు చేసేటప్పుడు “ఫోన్ బాగా లేదు” అని ఊరుకోకుండా, “మామూలు ఫోన్ పెట్టి, డయల్ టోన్ ఆపి విన్నా గరగర వస్తోంది” అని చెప్పండి. ఆ ఒక్క మాటతో, తాను చూడవలసింది ఇంట్లోని పరికరాన్ని కాదు, అతుకుల్ని అని లైన్‌మన్‌కు ముందే అర్థమవుతుంది.

అదే రాగి తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ కూడా తీసుకున్న వారికి ఆగకుండా సన్నగా ‘స్‌స్‌’ మనే శబ్దం వినిపిస్తుంటే స్ప్లిటర్‌ను చూడండి. మన మాట 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య నడుస్తుంది, ఇంటర్నెట్ సంకేతం అంతకు చాలా పైన 25 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. రెండిటినీ విడదీసేది ఆ చిన్న డబ్బీయే. పడకగదిలోకి సమాంతరంగా లాగిన రెండో ఫోన్‌కు స్ప్లిటర్ లేకపోతే, ముందుగదిలో ఉన్నదానిలో కూడా రొద వస్తుంది.

మామూలు ఫోన్‌లో మాట శుభ్రంగా ఉండి కార్డ్‌లెస్‌లో మాత్రమే ఇబ్బంది ఉంటే, వెతకవలసింది గాలిలో సాగే తరంగం దగ్గర. ఇక్కడ మీ చెవే మంచి పరికరం. పాత అనలాగ్ ఫోన్లలో తరంగం బలహీనపడితే హోరు పెరుగుతుంది, ఒక్కోసారి పొరుగింటి సంభాషణ కూడా వినిపిస్తుంది. డిజిటల్ ఫోన్లలో హోరు ఉండదు, మాటలు మధ్యలో తెగిపోతాయి, అక్షరాలు మాయమవుతాయి. నేడు మన ఇళ్లలో ఉన్న కార్డ్‌లెస్ ఫోన్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో, అంటే ఆ తరంగాల పరిధిలో పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్ కూడా ఆ పట్టీని వాడుకుంటాయి, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ 2450 మెగాహెర్ట్జ్ దగ్గరే. ఓవెన్ వందల వాట్లతో నడుస్తుంది. దాని తలుపు సందుల్లోంచి బయటికి వచ్చే అతి స్వల్పమైన తరంగం మనుషులకు హాని చేయనంత తక్కువే అయినా, ఫోన్ తరంగాన్ని చెడగొట్టడానికి సరిపోతుంది. వంటింట్లో పాలు కాగుతున్న రెండు నిమిషాలు మాత్రమే మాట తెగుతుంటే కారణం వెతకనక్కర్లేదు.

వైఫై సంగతి మాత్రం అలా రెండు నిమిషాల్లో తేలిపోయేది కాదు. ఫైబర్ కనెక్షన్ వచ్చిన ఇళ్లలో ఫోన్ తీగ కూడా వైఫై ఇచ్చే మోడెమ్‌కే తగిలించాలి. తీగ పొట్టిగా ఉంటుంది కనుక బేస్‌ను మోడెమ్ పక్కనే, ఒక్కోసారి దాని మీదే పెట్టేస్తారు. రాగి లైను పోయినందుకు గరగర తగ్గవలసింది పోయి, కొత్తగా మాటలు తెగడం మొదలైందంటే ఈ పొరుగే కారణం కావచ్చు. రెండు మూడు మీటర్ల ఫోన్ తీగ కొని, బేస్‌ను మోడెమ్‌కు దూరంగా, ఎత్తుగా పెట్టండి. మొబైళ్లు, టీవీ 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పనిచేయగలిగితే వాటిని అందులోకి మార్చండి. ఇనుప బీరువా, ఫ్రిజ్, చేపల తొట్టి, వీటి వెనక బేస్ పెట్టకూడదు. ఈ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే కాబట్టి, బేస్‌ను జానెడు పక్కకు జరిపినా కొన్ని ఇళ్లలో తేడా కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని పని గనుక, ముందు అదే చేసి చూడమంటాను. అడాప్టర్‌ను తీసి మళ్లీ పెడితే కొన్ని ఫోన్లు తమంతట తామే మరో ఛానల్ ఎంచుకుంటాయి. బ్యాటరీ పాతబడినా తరంగం అందే దూరం తగ్గుతుంది. రీఛార్జబుల్ సెల్స్ స్థానంలో అవే రకం పెట్టాలి, టార్చిలైట్లో వేసే మామూలు సెల్స్ పెట్టకూడదు.

‘గుయ్’ మని ఒకే శ్రుతిలో వచ్చే మోత కరెంటుకు సంబంధించినది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే ఆ మోత వస్తే, ఆ ఇన్వర్టర్ ఇచ్చే స్క్వేర్ వేవ్ కరెంటును అడాప్టర్ పూర్తిగా చదును చేయలేకపోతోందన్న మాట. ఎప్పుడూ వస్తుంటే అడాప్టర్ చెడిపోయి ఉండవచ్చు, లేదా వేరే పరికరానికి చెందినది తగిలించి ఉండవచ్చు. దాని మీద రాసిన వోల్టులు, మిల్లీఆంపియర్లు బేస్ అడుగున రాసినవాటితో సరిపోవాలి. ఫ్యాన్ రెగ్యులేటరో, చౌకరకం ఎల్‌ఈడీ బల్బో అనుమానంగా ఉంటే, మీరిప్పుడు వింటున్న రేడియోనే సాయం తీసుకోండి. మీడియం వేవ్‌లో ఏ కేంద్రమూ లేని చోట ముల్లు నిలిపి ట్రాన్సిస్టర్‌ను గదిగదికీ తిప్పితే, దోషం ఉన్న పరికరం దగ్గర దాని హోరు పెరుగుతుంది.

చివరగా అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడి నుంచి ప్రేమగా తెచ్చే, డెక్ట్ 6.0 అనే రకం కార్డ్‌లెస్ ఫోన్లు 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. అక్కడ ఆ పట్టీ వాటికే కేటాయించారు. మన దేశంలో 1920 నుంచి 1980 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీని మొబైల్ ఫోన్లు టవర్‌కు సంకేతాలు పంపడానికి కేటాయించారు. మీ ఇంట్లోని బేస్ చేసే ప్రసారం నేరుగా ఆ టవర్ రిసీవర్‌కు చేరి, మీ వీధి మొత్తం మీద మొబైల్ కాల్స్‌ను దెబ్బతీయగలదు. అందువల్ల వీటిని ఇక్కడ వాడకూడదు. పైగా 120 వోల్టులకు చేసిన వాటి అడాప్టర్ మన 230 వోల్టులకు మాడిపోతుంది. ఈసారి వచ్చేటప్పుడు ఫోన్ తెస్తామని పిల్లలు అంటే వద్దని చెప్పి, ఇక్కడి దుకాణంలోనే, పెట్టె మీద 2.4 గిగాహెర్ట్జ్ అని ఉన్నది చూసి కొనుక్కోండి.

సెలవు.