ఆ గీత ఎంత ఎత్తున ఉంది?

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, లైబ్రేరియన్ గారికి, ముందు వరుసలో కూర్చోబెట్టిన హైస్కూల్ పిల్లలకు నమస్కారం. పిల్లలూ, మీరు ఇష్టపడి రాలేదని నాకు తెలుసు. ముప్పై మూడేళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ని, ముఖాలు చూస్తే తెలిసిపోతుంది. శాలువా వద్దని ముందే చెప్పాను, అయినా కప్పారు. నవంబర్‌లో బెజవాడలో శాలువా కప్పుకుంటే చెమటలు పడుతున్నాయి. ఇది వాతావరణ మార్పుకు రుజువని మాత్రం అనను. ఒక్క పూట చెమట రుజువు కాదు.

గ్రంథాలయ వారోత్సవాల్లో నాకిచ్చిన అంశం ‘వాతావరణ మార్పు వల్ల వరదలు పెరుగుతున్నాయా?’. ఇరవై నిమిషాలు అన్నారు. జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత నా గొడవ నేను చెప్పుకుంటాను. కుండపోత వానలు పెరిగాయి. వరదలు పెరిగాయా అంటే, ఏ ఏరు, ఏ ఊరు అని తిరిగి అడగాల్సిందే.

వానల సంగతి తేలికే. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. పారిశ్రామిక యుగం ముందుతో పోలిస్తే భూమి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. అంటే ఆకాశం గ్లాసు వదిలేసి చెంబు పట్టుకుంది. చెంబు నిండడానికి ఎక్కువ రోజులు పట్టవచ్చు, కానీ ఒంపితే ఒక్కసారే ఒంపుతుంది. మధ్య భారతం మీద విస్తారంగా పడే అతి భారీ వానలు 1950 నుంచి 2015 లోపు మూడింతలయ్యాయని పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థలోని రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో తేల్చింది. విచిత్రం ఏమిటంటే, అదే ప్రాంతంలో మొత్తం వాన పెరగలేదు, తగ్గింది. మన గోదావరిలో కలిసే వైన్‌గంగ, ఇంద్రావతి ఆ వైపువే.

2009 గుర్తుందా? ఆ ఏడు దేశమంతా కరువు. నైరుతి వాన 20 శాతానికి పైగా తగ్గింది. పంటలు ఎండిపోయి గగ్గోలు పెడుతుంటే అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేశాయి. ఒకే ఏడాది, ఒకే జిల్లా. కరువు ఫారం నింపిన చేత్తోనే వరద ఫారం నింపారు.

సరే, మొన్న ఇక్కడికి రమ్మని పిలవడానికి వచ్చిన పిల్లాడొకడు నన్నో గట్టి ప్రశ్న అడిగాడు. ‘సార్, భద్రాచలంలో పెద్ద వరద 1986లో కదా. అప్పుడు ఇంత వేడి లేదు కదా. మరి?’ అన్నాడు. పేరు చెప్పను, సిగ్గుపడతాడు. ఆ ప్రశ్నకు నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాలి. నిజమే. 1986 ఆగస్టులో అక్కడ గోదావరి 75.6 అడుగులు. 2022లో 71.3. పాతదే పెద్దది. 1908లో మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు ఈ గొడవలేవీ లేవు. వరద ఎప్పుడూ ఉంది. అయితే 2022లో ఆ 71.3 అడుగులు జులై మధ్యలోనే వచ్చాయి. మామూలుగా ఆగస్టులో రావలసినవి. పాచికలు మన నాన్నల కాలంలోనూ ఆడారు, ఆరు అప్పుడూ పడేది. ఇప్పుడు పాచిక ఒక పక్క బరువెక్కింది, అంతే నేను చెప్పగలిగేది.

ఆ పిల్లాడికి 1986దే పెద్ద వరదని ఎలా తెలిసింది? ఎవరో కొలిచారు, రాశారు, దాచారు కాబట్టి తెలిసింది. భద్రాచలంలో టీ కొట్టు ముందు నిలబడి అడగండి. మొదటి హెచ్చరిక 43, రెండోది 48, మూడోది 53 అని టకటకా చెబుతారు. వాళ్లకు గోదావరి అడుగుల్లో తెలుసు. మనకు బుడమేరు ఎన్ని అడుగుల్లో తెలుసు?

చెప్పండి. ఎవరైనా.

ఇదే నా గొడవ.

బుడమేరు ఎక్కడో పెద్ద నది కాదు. మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. వెలగలేరు దగ్గర షట్టర్లు, అక్కడి నుంచి మళ్లింపు కాలువ, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి. పాత దారి మాత్రం మన ఊరి పక్కనుంచి కొల్లేరుకు. కృష్ణ తక్కువగా ఉంటే కాలువ నీళ్లు సాఫీగా దిగిపోతాయి. కృష్ణే నిండుగా ఉంటే కాలువ ఎక్కడికి పోతుంది? 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో ఒకే వాయుగుండం అటు కృష్ణ మీద, మున్నేరు మీద, ఇటు బుడమేరు మీద, మన నెత్తిన కూడా ఒంపేసింది. సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. బ్యారేజీ తట్టుకునేది 11.90 లక్షలు. అటు తలుపు మూసుకుంది, ఇటు బుడమేరు కట్టకు గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే గండ్లు పూడ్చేసరికి 7వ తేదీ.

ఇందులో వేడెక్కిన సముద్రం వాటా ఎంత, పూడిపోయిన ఏరు వాటా ఎంత, ఏటి గర్భంలో ఇళ్లు కట్టుకున్న మన వాటా ఎంత? నా ఇల్లు కూడా పల్లంలోనే ఉంది, తప్పించుకోను. పెద్ద నదులకు డ్యాములున్నాయి, కాస్త ఆపుకుంటాయి. రెండు గంటల వాన ముందుగా ముంచేది ఇలాంటి చిన్న ఏళ్లనే. వాటి మీదే మన దగ్గర లెక్కల్లేవు.

ఆ సెప్టెంబర్ 1, ఆదివారం పొద్దున్న మా ఆవిడ పాలు పొంగిస్తోంది. వంటింటి తూములోంచి నీళ్లు పైకి వచ్చాయి, బయటి నుంచి కాదు. ‘ఏవండీ, తూము ఎగదన్నుతోంది’ అంది. పట్టా కుక్కి వచ్చాను. కాఫీ తాగే లోపు గడప దాటాయి. పైవాళ్ల వాటాలోకి ఏం మోశామో తెలుసా? టీవీ కాదు, బంగారం కాదు. ఆవకాయ జాడీ. ఆమె అటు, నేను ఇటు పట్టుకుని మెట్లెక్కాం. సర్టిఫికెట్లు మర్చిపోయాం. మధ్యాహ్నానికి మెట్ల మీదినుంచి చూస్తే ఫ్రిజ్ వెల్లకిలా తేలుతూ హాల్లోంచి పడగ్గదిలోకి వెళ్తోంది, తన ఇంట్లో తాను నడిచినట్టు. నాకు నవ్వొచ్చింది. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

చీటీ వచ్చింది, అధ్యక్షులవారు పంపారు. ‘ఐదు నిమిషాలు’. సరే.

మా వీధివాళ్లు ఒకసారి లేవండి. మొహమాటం లేదు, లేవండమ్మా. నీళ్లు ఎంతవరకు వచ్చాయో చేత్తో చూపించండి. చూశారా? మీరు నడుం దగ్గర, ఆయన మెడ దగ్గర, బాబాయ్ గారు ఏకంగా నెత్తి మీద. పక్కపక్క ఇళ్లు! పద్నాలుగు నెలలే అయింది. కూర్చోండి, కూర్చోండి. మిమ్మల్ని ఎగతాళి చేయడానికి లేపలేదు, నేనూ అంతే. 2005లోనూ బుడమేరు వచ్చింది. మా ఆవిడ మోకాలి దాకా అంటుంది, నేను మడమ దాకా అంటాను. ఇరవై ఏళ్లుగా తేలలేదు. సంచిలో స్కేలు పెట్టుకుని తిరిగిన ఫిజిక్స్ మాస్టారు గోడ మీద ఒక గీత గీయలేదు. ఇప్పుడొచ్చి ‘వరదలు పెరిగాయా మాస్టారూ’ అని మీరడిగితే నా దగ్గర ఏముంది? మడమా మోకాలా అనే తగువు తప్ప?

ఈసారి కొలిచాను. నీళ్లు తీశాక గోడ మీద బురద గీత తాడు పట్టి గీసినట్టు నిలిచింది. హాలు గచ్చు నుంచి 4 అడుగుల 7 అంగుళాలు. సాయం పంచినప్పుడు లోతు ఎవరూ అడగలేదు. కింది అంతస్తు ఇంటికి 25,000 ప్రకటించారు, మోకాలి లోతైనా మెడ లోతైనా అంతే. ఇచ్చారు, సంతోషం. కొలత మాత్రం ఎవరి కాగితంలోకీ ఎక్కలేదు.

సంక్రాంతికి మా తమ్ముడు రంగులు వేయించాడు. నేను ఊళ్లో లేను. వచ్చేసరికి గోడలు లేత గులాబి. గీత ఏదిరా అంటే, ‘అన్నయ్యా, ఆ గీత ఉంటే రేపు ఇల్లు ఎవడు కొంటాడు?’ అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు, నాకు కోపం వచ్చిన మాటా నిజమే. మా వీధిలో అన్ని ఇళ్లూ అలాగే మెరిసిపోతున్నాయి. మొన్న పల్లపు సందులో ఒకాయన స్థలం కొన్నాడు. ‘ఇక్కడికి నీళ్లు రాలేదటండీ’ అని నాకే చెప్పాడు. పడవ ఆపుకున్న చోటు అది.

నేను అడిగేది చిన్నది. ప్రతి వీధి మొదట్లో ఒక కరెంటు స్తంభానికి ఎర్ర రంగుతో అడ్డగీత, పక్కన తేదీ. బ్రష్షు ఖర్చు నాది. ఇల్లు అమ్ముకునేవాళ్లు నన్ను తిట్టుకోండి, పడతాను. రేపు బుడమేరు పనులు చేసే ఇంజనీరుకు, లెక్క కట్టే శాస్త్రవేత్తకు, 2045లో ఇదే ప్రశ్న అడగబోయే ఇంకో పిల్లాడికి ఆ గీత కావాలి.

అయిపోవచ్చింది అధ్యక్షా, ఒక్క మాట. ఈ హాలుకూ పసుపు రంగు వేశారు కదా. వేసినవాళ్లు ఆ ఇనప బీరువా బరువని జరపలేదట, చుట్టూ పూసి వెళ్లిపోయారని లైబ్రేరియన్ గారు నిన్న నవ్వుతూ చెప్పారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. టేపు తెచ్చాను. ముందు వరుస పిల్లలు ఇద్దరు రండి. అటు మీరు పట్టుకోండి, జాగ్రత్త, బీరువా కింద కాలు పెట్టకండి. శాలువా ఎవరైనా తీసుకోండి, ఇటు నేను పడతాను.