35 ఏళ్ల దూరంలో రెండు ఆల్బమ్‌లు, మధ్యలో ఒక పాట

[తెర మీద రెండు ఎల్‌పీ కవర్లు పక్కపక్కన. ఎడమవైపు వానలో తడుస్తూ మార్విన్ గే. కుడివైపు ఏమీ వైన్‌హౌస్.]

నమస్కారం. ఈ రోజు రెండు ఆల్బమ్‌ల గురించి మాట్లాడుకుందాం. ఎడమవైపు ఉన్నది మార్విన్ గే పాడిన 'వాట్స్ గోయింగ్ ఆన్'. 1971 మేలో వచ్చింది. కుడివైపుది ఏమీ వైన్‌హౌస్ పాడిన 'బ్యాక్ టు బ్లాక్'. 2006 అక్టోబర్‌లో వచ్చింది. మధ్యలో 35 ఏళ్లు. విచిత్రం ఏంటంటే రెండింటి నిడివీ ఇంచుమించు 35 నిమిషాలే. ఈ రెండింటికీ బంధుత్వం కలిపే పాట ఒకటి ఉంది. దాని దగ్గరికి నెమ్మదిగా వద్దాం.

ముందు ఒక చిన్న కోరిక. షఫుల్ ఆపేయండి. సినిమా పాటలైతే మనకు నచ్చినవి ఏరుకుని వింటాం, వాటికి అది సరిపోతుంది. ఎందుకంటే వాటిని కలిపే కథ సినిమాలో ఉంటుంది. ఈ ఆల్బమ్‌లలో కథంతా పాటల వరసలోనే ఉంది. వరస మారిస్తే సగం జారిపోతుంది.

[డెట్రాయిట్, వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని చిన్న ఇల్లు. ముందువైపు 'హిట్స్‌విల్' బోర్డు.]

ఇది మోటౌన్ కంపెనీ స్టూడియో. దీన్ని పెట్టిన బెర్రీ గోర్డీ అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారు. పాటలను కూడా అదే పద్ధతిలో చేయించారు. రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు, పాడేవాళ్లు వేరు. వాయించే బృందాన్ని ఫంక్ బ్రదర్స్ అనేవారు. అన్ని హిట్ల వెనకా ఉన్నది వాళ్లే. అయినా కవర్ మీద వాళ్ల పేర్లు ఉండేవి కావు. మన సినిమా క్యాసెట్లు గుర్తు తెచ్చుకోండి. పాడినవారి పేరు, రాసినవారి పేరు, సంగీత దర్శకుడి పేరు ఉండేవి. ఆ ఫ్లూట్ వాయించింది ఎవరో ఎంత వెతికినా దొరికేది కాదు. అక్కడా అంతే.

మార్విన్ గే ఆ కంపెనీలో పెద్ద స్టార్. 1967 నుంచి టామీ టెరెల్‌తో కలిసి యుగళగీతాలు పాడారు. అదే ఏడాది స్టేజీ మీద పాడుతూ పాడుతూనే ఆమె ఆయన చేతుల్లో కుప్పకూలిపోయింది. మెదడులో కణితి. 1970 మార్చిలో చనిపోయింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. ఆ దెబ్బకు మార్విన్ స్టేజీ ఎక్కడం మానేశారు. ఇంకోవైపు తమ్ముడు ఫ్రాంకీ వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చి, అక్కడ చూసినవి చెబుతున్నాడు.

సరిగ్గా ఆ సమయంలో ఒక పాట ఆయన దగ్గరికి వచ్చింది. ఫోర్ టాప్స్ బృందంలో పాడే ఓబీ బెన్సన్ 1969లో బర్క్‌లీలో నిరసన చేస్తున్న కుర్రాళ్లను పోలీసులు కొట్టడం చూశాడు. 'వాట్స్ గోయింగ్ ఆన్', అంటే అసలు ఏం జరుగుతోంది అనే ప్రశ్న అక్కడ పుట్టింది. సొంత బృందం ఆ పాట వద్దంది. మార్విన్ తీసుకున్నారు. గోర్డీకి నచ్చలేదు. అయినా 1971 జనవరిలో విడుదలై అమెరికా చార్టుల్లో 2వ స్థానం దాకా వెళ్లింది. దాంతో వెంటనే ఆల్బమ్ కావాలన్నారు. మార్చిలో దాదాపు పది రోజుల్లో మిగతా పాటలు రికార్డయ్యాయి.

[తెర నల్లగా. ఒక ప్లే బటన్ మాత్రమే.]

పాట ఇక్కడ వేస్తే కాపీరైట్ సమస్య వస్తుంది. కాబట్టి ఈ వీడియో ఆపి, మొదటి పాట ఒక్క నిమిషం విని రండి.

విన్నారా? మొదట ఎవరో పలకరించుకుంటున్నారు, పది మంది చేరిన ఇంట్లోకి మనం అడుగుపెట్టినట్టు ఉంటుంది. ఆ గొంతుల్లో ఇద్దరు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఉన్నారు, డెట్రాయిట్ లయన్స్ జట్టుకు ఆడిన మెల్ ఫార్, లెమ్ బార్నీ. తర్వాత వచ్చే శాక్సఫోన్ ఈలై ఫాంటెయిన్‌ది. ఆయన ఊరికే చేయి సవరించుకుంటున్నారట. అదే కావాలని మార్విన్ దాన్నే ఉంచేశారు. ఆ తర్వాత ఇద్దరు మార్విన్‌లు వినిపిస్తారు. వేర్వేరుగా పాడిన రెండు టేక్‌లను ఇంజనీర్ పొరపాటున ఒకేసారి వినిపించాడు. మార్విన్‌కు అది తెగ నచ్చింది. ఒకరు అడుగుతున్నట్టు, మరొకరు ఓదారుస్తున్నట్టు ఉంటుంది. నా మటుకు ఈ ఆల్బమ్ ప్రాణం ఆ రెండు గొంతుల మధ్యలో ఉంది.

ఇప్పుడు అడుగున ఉన్న బేస్ గిటార్ వినండి. వాయించింది జేమ్స్ జేమర్సన్. ఒక్క చూపుడు వేలితో తీగ మీటేవారు. ఈ పాట రికార్డయిన రాత్రి తాగి, కూర్చోలేని స్థితిలో వచ్చి, నేల మీద వెల్లకిలా పడుకుని వాయించారని చెబుతారు. చేతులకు మాత్రం తడబాటు లేదు. బేస్ అంటే తాళం వేయడమే అనుకునేవాళ్లు ఈ పాటలో దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని వినాలి. అది పాటకు జవాబు చెబుతూ ఉంటుంది.

మొదటి పాట అయిపోయిందని మీకు తెలిసేలోపే రెండోది మొదలైపోతుంది. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన కుర్రాడు పనులు దొరుకుతున్నాయా అని అడుగుతాడు. అక్కడ ఫ్రాంకీ కనిపిస్తాడు. తర్వాత మత్తుమందు, పిల్లలు, పాడైపోతున్న గాలీ నీళ్లూ. రెండోవైపు ఏడు నిమిషాలు దాటిన 'రైట్ ఆన్' నాకు కొంచెం సాగినట్టు అనిపిస్తుంది, ఎన్నిసార్లు విన్నా అంతే. కానీ చివరి పాట 'ఇన్నర్ సిటీ బ్లూస్' ఆ లోటు తీర్చేస్తుంది. ఇందులో బేస్ వాయించింది బాబ్ బాబిట్. పాట చివర్లో మొదటి పాట మళ్లీ వినిపిస్తుంది. ప్రశ్న అడిగిన చోటే ఉంది.

ఈ ఆల్బమ్ కవర్ మీద వాయించినవాళ్ల పేర్లు అచ్చయ్యాయి. మోటౌన్‌లో అదే మొదటిసారి.

[బ్రూక్లిన్, బుష్‌విక్. టేపు తిరుగుతున్న రికార్డింగ్ యంత్రం.]

ఇక 2006. 'బ్యాక్ టు బ్లాక్' వచ్చేనాటికి లండన్ అమ్మాయి ఏమీకి 23 ఏళ్లు. ఈ ఆల్బమ్‌కు ఇద్దరు నిర్మాతలు, మార్క్ రాన్సన్, సలామ్ రెమీ. రాన్సన్ తన పాటలకు డాప్‌టోన్ స్టూడియోలో డాప్ కింగ్స్ అనే బృందాన్ని పిలిచారు. కంప్యూటర్లు ఉన్న కాలంలో కూడా డ్రమ్స్, పియానో, గిటార్, బేస్ ఒకే గదిలో, కలిసి, టేపు మీదికి. అందుకే వాయిద్యాలు ఒకదాని మీద ఒకటి ఒలికినట్టు వినిపిస్తాయి. టైటిల్ పాట మధ్యలో అన్నీ ఆగిపోయి, గంట మోగినట్టు ఒక దెబ్బ పడుతూ, ఆమె ఒకే మాట మళ్లీ మళ్లీ అంటుంది. అక్కడ నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఈ ఆల్బమ్‌ను 2011లో జరిగిన ఆమె మరణంతో ముడిపెట్టే మాట్లాడుతుంటారు. అది నాకు నచ్చదు. విడిపోయిన బాధను ఇంత పొదుపుగా, ఇంత పదునుగా రాయడం పనితనం. 2008లో అయిదు గ్రామీలు వచ్చింది ఆ పనితనానికి.

ఇప్పుడు ఏడో పాట. 'టియర్స్ డ్రై ఆన్ దెయిర్ ఓన్'. ఏమీ వైన్‌హౌస్ దీన్ని మొదట నెమ్మదైన, ఏడుపు పాటగానే రాసింది. సలామ్ రెమీ దాని కింద ఒక పాత మోటౌన్ పాట నడకను వేసి వేగం పెంచారు. ఆ పాత పాట 'ఎయింట్ నో మౌంటెన్ హై ఎనఫ్'. ఏ కొండా మనల్ని విడదీయలేదని మాట ఇచ్చుకునే పాట. యాష్‌ఫర్డ్, సింప్సన్ రాశారు. 1967లో పాడింది మార్విన్ గే, టామీ టెరెల్. వెనక వాయించింది ఫంక్ బ్రదర్స్.

అంటే ఒక జంట ఎప్పటికీ విడిపోమని పాడింది. మూడేళ్లు తిరగకుండా అందులో ఒకరు లేరు. ఆ దుఃఖంలోంచి ఎడమవైపు ఆల్బమ్ వచ్చింది. 39 ఏళ్ల తర్వాత అదే నడక మీద ఒంటరిగా మిగిలిన అమ్మాయి, కన్నీళ్లు వాటంతట అవే ఆరిపోతాయిలే అని పాడింది. ఏడుపు పాటను వేగంగా చేస్తే చెడిపోవాలి. ఇక్కడ మాత్రం ఆ హుషారు వల్లే బాధ ఇంకా గట్టిగా తగులుతుంది.

[రెండు కవర్లు మళ్లీ తెర మీదికి.]

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టి, ఒక రాత్రి మార్విన్ గే, ఇంకో రాత్రి ఏమీ వైన్‌హౌస్. రెండో రాత్రి ఆరో పాట అవ్వగానే ఆపండి. 1967 నాటి ఆ జంట పాట ఒక్కసారి వినండి. తర్వాత ఏడో పాట వేయండి. ఆమె ఇంకా నోరు విప్పకముందే మీరు గుర్తుపట్టేస్తారు.