ముందు కొంచెం సీసా, తరువాత అమ్మ రొమ్ము

శ్రోతలకు నమస్కారం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆసుపత్రి నుండి ఇంటికి చేరేనాటికి చాలామంది తల్లుల పరిస్థితి ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. పిండి తీసిన పాలు సీసాలో ఉంటాయి, బిడ్డ ఆ సీసాతో చక్కగానే తాగుతుంది, కాని రొమ్ము దగ్గరికి చేర్చగానే ముఖం తిప్పుకుని ఏడుస్తుంది, లేదా నాలుగుసార్లు చీకి నిద్రలోకి జారుకుంటుంది. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు "ఈ బిడ్డ సీసాకు మరిగింది, ఇక రొమ్ము పట్టదు" అని తేల్చేస్తారు. ఆ మాటకు తల్లి ఎంత కుంగిపోతుందో, బాలింతల మధ్య పనిచేసే నేను చాలాసార్లు చూశాను. ఆ మాట తొందరపడి అన్న మాట అని చెప్పడానికే ఈ పది నిమిషాలూ వినియోగించుకుంటాను.

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాము. పాలు తాగడమంటే చీకడం, గుటక వేయడం, ఊపిరి తీసుకోవడం అనే మూడు పనులను ఒకదానికొకటి అడ్డు రాకుండా జరుపుకోవడం. ఈ పొందిక సాధారణంగా 32 నుండి 34 వారాల మధ్య ఏర్పడటం మొదలవుతుంది. అయితే పొందిక కుదిరినంత మాత్రాన కడుపు నిండేవరకు తాగే ఓపిక వచ్చినట్టు కాదు. ఆ ఓపిక చాలామంది పిల్లలకు మొదట డాక్టర్లు చెప్పిన కాన్పు తేదీ దగ్గరపడినప్పుడు, కొందరికి ఆ తేదీ దాటిన తరువాత గాని రాదు. అందువల్ల బిడ్డ పుట్టి ఎన్ని రోజులైందో లెక్కపెట్టుకుని బాధపడవద్దు. రావలసిన తేదీకి ఇంకా ఎంత దూరంలో ఉన్నదో చూడండి. 32వ వారంలో పుట్టి నాలుగు వారాల వయసున్న బిడ్డ, ఆ లెక్కన చూస్తే, ఇంకా పుట్టనే లేదు.

ఇక సీసాకూ రొమ్ముకూ ఉన్న తేడా ఒక్కటి చెప్పి అసలు విషయానికి వస్తాను. సీసా వంచగానే పాలు నోటిలోకి వస్తాయి. రొమ్ము దగ్గర అలా కాదు, బిడ్డ మొదట తేలికగా, వేగంగా చీకాలి, ఒకటి రెండు నిమిషాలకు గాని తల్లికి చేపు రాదు. ఆకలితో ఉన్న చిన్న ప్రాణానికి ఆ కాస్త ఎదురుచూపు చాలా పెద్దది.

ఒక తల్లి సంగతి చెబుతాను. ఆమె పాప 32వ వారంలో పుట్టింది. ఇంటికి వచ్చాక ఆమె తనకు చెప్పిన పద్ధతినే నిష్ఠగా పాటించింది. పాప లేవగానే ముందు రొమ్ము, అది కుదరకపోతే సీసా. నేను వెళ్లి పక్కన కూర్చున్నప్పుడు పాప నిద్ర లేచి, పిడికిళ్లు బిగించి ఏడవడం మొదలుపెట్టింది. తల్లి రొమ్ముకు చేర్చింది. పాప వీపు విల్లులా వంచి, రెండు చేతులతో రొమ్మును నెట్టివేసింది. తల్లి పాప తలను పట్టి దగ్గరికి నొక్కింది, పాప ఇంకా గట్టిగా ఏడ్చింది. చివరికి సీసా నోట్లో పెట్టేసరికి ఇద్దరూ అలసిపోయారు. ఇదే పూటపూటకూ జరుగుతున్నది. పాపకు రొమ్ము అంటే ఏడ్చే చోటు అయిపోయింది, తల్లికి అది తనను బిడ్డ వద్దనే చోటు అయిపోయింది.

తరువాతి పూటకు మేము మార్చింది వరుసను మాత్రమే. పాప ఏడ్చేదాకా ఆగకుండా, నిద్రలో కదులుతూ పెదవులు చప్పరించడం మొదలుపెట్టగానే ఎత్తుకున్నాము. డాక్టరు చెప్పిన కొలతలో పావు వంతు పాలు ముందుగా సీసాతోనే పట్టించాము. పాపను దాదాపు నిటారుగా కూర్చోబెట్టి, సీసాను పూర్తిగా వంచకుండా అడ్డంగా పట్టుకుని, నాలుగైదు గుటకలకు ఒకసారి ఆపుతూ పట్టించాము. ఆకలి మంట తగ్గేసరికి పాప పిడికిళ్లు విచ్చుకున్నాయి. నేను ఎదురుచూసింది ఆ గుర్తు కోసమే. బిగిసిన పిడికిలి ఆకలిని చెబుతుంది, విచ్చుకున్న చేయి నెమ్మదిని చెబుతుంది.

ఈలోగా తల్లి చేతితో కొంచెం పిండి, చేపు వచ్చి, చనుమొన మీద పాలచుక్క నిలిచేలా చూసుకున్నది. ఎడమ రొమ్ము ఇవ్వడానికి పాపను కుడిచేతి మీదికి తీసుకున్నది. ఆ అరచేయి పాప భుజాల మధ్య ఆనింది, వేళ్లు చెవుల వెనుక మెడకు ఆసరా ఇచ్చాయి, తలను మాత్రం ఎవరూ నొక్కలేదు. పాప పొట్ట తల్లి పొట్టకు తగిలేలా పడుకోబెట్టి, గడ్డం ముందు రొమ్ముకు ఆనేలా చేర్చాము. పాలచుక్క పెదవికి తగిలింది. పాప నోరు పెద్దగా తెరిచి, చనుమొనను మాత్రమే కాక దాని చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా పట్టుకుని చీకింది.

అయిదారుసార్లు చీకి, ఒక గుటక వేసి, ఆగిపోయింది. "అయిపోయింది, నిద్రపోయింది" అని తల్లి తీసివేయబోయింది. "కాసేపు ఆగమ్మా, ఊపిరి తీసుకుంటున్నది" అన్నాను. నెలలు నిండని బిడ్డకు ఆ విరామం కూడా పాలు తాగడంలో భాగమే. కొంతసేపటికి తల్లి తన రొమ్మును చేతితో మెల్లగా ఒత్తి పట్టుకోగానే పాలు నోటికి అంది, పాప మళ్లీ చీకింది. ఆ తరువాత నిజంగానే నిద్ర ముంచుకువచ్చింది. మిగిలిన కొలతను సీసాతో పూర్తిచేశాము. ఆ పూట పాప రొమ్ము నుండి తాగిన పాలు కొద్దిగానే ఉండవచ్చు, కాని ఏడవకుండా తాగింది. నా దృష్టిలో ఆ రోజుకు అదే చాలు.

తల్లి ఓపికగా ఉన్న పూట చూసుకుని రోజుకు ఒకటి రెండుసార్లు ఇలా చేయండి. రొమ్ము మరీ నిండి గట్టిపడి ఉంటే ముందు కొంచెం పిండి తీయాలి, లేకపోతే ధార వేగానికి బిడ్డకు పొలమారుతుంది. కుదరని పూట సీసా ఇచ్చి ఊరుకోండి. మళ్లీ చెబుతున్నాను, కుదరని పూట సీసా ఇచ్చి ఊరుకోండి, రొమ్ము దగ్గర పోరాటం మాత్రం వద్దు.

సీసాలో కొలతను సొంతంగా తగ్గించవద్దు. రొమ్ము నుండి ఎంత అందుతున్నదో తెలియాలంటే, రెండు గ్రాముల తేడాను కూడా చూపగల పసిపిల్లల త్రాసు మీద, పాలు తాగడానికి ముందూ తరువాతా అవే బట్టలతో, తడిసిన డైపర్‌ను కూడా మార్చకుండా తూచాలి. పెరిగిన ఒక గ్రామును సుమారు ఒక మిల్లీలీటరు పాలుగా లెక్కిస్తారు. ఆ అంకెలను చూసి డాక్టరు సీసా కొలతను తగ్గిస్తారు. అయితే ప్రతి పూటా తూచడం నాకు ఇష్టముండదు, తల్లి చూపు బిడ్డ మీద నుండి త్రాసు మీదికి పోతుంది. డాక్టరు అడిగినన్ని సార్లు తూస్తే చాలు.

బిడ్డ రొమ్ము పట్టగానే పాలు పిండటం మానేసే తల్లులు ఉన్నారు. అక్కడే పాలు తగ్గిపోతాయి. అలసిపోయే బిడ్డ రొమ్మును పూర్తిగా ఖాళీ చేయలేదు కనుక, తాను పూర్తిగా తాగే రోజు వచ్చేవరకు, పగలూ రాత్రీ కలిపి ఎనిమిదిసార్లకు తగ్గకుండా రొమ్ము ఖాళీ కావాలి, అందులో ఒకటైనా రాత్రివేళ కావాలి. ఆ పని చేసే తల్లికి ఇంట్లో వేరే పనులు చెప్పకండి. పాలు పిండే పంపు కడగడం, సీసాలు మరిగించడం, బిడ్డను తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకోవడం తండ్రి చేయగలడు, ఇంట్లో పెద్దవారు చేయగలరు.

బిడ్డను తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకునే కంగారూ సంరక్షణ 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దానిని రోజుకు 8 నుండి 24 గంటల వరకు వీలైనంత ఎక్కువసేపు చేయమని చెప్పింది. ఇంటికి వచ్చాక కూడా దానిని వదలవద్దు. పాలు ఇచ్చే ప్రయత్నమేమీ లేకుండా ఊరికే అలా పడుకున్నప్పుడే బిడ్డ తనంతట తాను రొమ్మును వెతుక్కోవడం చాలాసార్లు చూస్తాము.

బిడ్డ లేపినా లేవకపోయినా, వరుసగా రెండు పూటలు తాగకపోయినా, మూత్రం బాగా తగ్గినా, ఒళ్లు చల్లబడినా లేక కాలినా, తాగేటప్పుడు పెదవులు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పూర్తిగా రొమ్ముపాలకు మారిన తరువాత కూడా డాక్టరు రాసిన ఐరన్, విటమిన్ డి చుక్కలు ఆపవద్దు. పాలల్లో కలపమని ఇచ్చిన పొడి ఏదైనా ఉంటే, రొమ్ము పట్టే పూటలు పెరిగేకొద్దీ దానిని ఎలా ఇవ్వాలో డాక్టరునే అడగండి.