కొమ్ముల నునుపు చూసి రైఫిల్ కొంటారా?

పర్లాకిమిడి, గుణుపురం వైపు లైసెన్సున్న మన వాళ్ళు పాత .315 (గొట్టం రంధ్రం కొలత, అంగుళాల్లో) రైఫిల్ బేరానికి వెళ్ళి మొదట అనే మాట: "అబ్బ, ఎంత మెరుస్తోందో!" వినలేకే ఈ వీడియో.

సంతలో ఎద్దును ఎలా కొంటారు? కొమ్ములు గీకి నూనె రాశారని బయానా ఇచ్చేస్తారా? నోరు తెరిచి పళ్ళు చూస్తారు. రైఫిల్‌కి పళ్ళు గొట్టంలో ఉంటాయి.

బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారైన ఈ .315, సైన్యం వాడిన .303 రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్‌కి తమ్ముడే. యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగం) అదే, తూటా వేరు. (అసలు .303 మామూలు లైసెన్సు మీద రాదు. చవగ్గా ఇస్తామంటే లేచి వచ్చేయండి.)

తూటాలుండే మ్యాగజైన్ తీసి, బోల్ట్ (గొట్టాన్ని వెనక నుంచి మూసే కడ్డీ) వెనక్కి లాగి, లోపల తూటా లేదని వేలితో తడమండి. తర్వాత బోల్ట్ ఊడదీసి, గొట్టం మూతి దగ్గర తెల్లకాగితం పెట్టి దాని మీద టార్చి వేసి వెనక నుంచి చూడండి. గొట్టం లోపల మెలితిరిగిన గాళ్ళ అంచులు పదునుగా కనిపించాలి. నల్లగా ఉంటే మసి కావచ్చు, బ్రష్ కొట్టి మళ్ళీ చూడండి. అప్పటికీ గుంటలు మిగిలితే తుప్పు తినేసినట్టే. పాత రకం తూటాల ప్రైమర్ (తూటా అడుగున మందుని అంటించే మందు) కాలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది, అది తేమను లాగుతుంది. నూనెకి ఉప్పు కరగదు. వేడినీళ్ళతో కడిగి, ఆరాక నూనె రాయాలి. నూనె మాత్రమే రాసి బీరువాలో పెట్టడమంటే ఉప్పుకి దుప్పటి కప్పడమే!

మూతినీ చూడండి. శుభ్రం చేసే తాడు ఏళ్ళ తరబడి ఒకే పక్క ఒరుసుకుంటే రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. లోపల అద్దంలా ఉన్నా గురి నిలవదు.

ఇక జత. బోల్ట్ మీద నంబరు, బాడీ (బోల్ట్ కూర్చునే ఉక్కు భాగం) మీద నంబరు ఒకటేనా? వేరైతే జత తప్పిన ఎడ్లని కాడికి కట్టినట్టు. బోల్ట్‌కీ తూటా అడుగుకీ మధ్య సందు పెరిగి ఉండొచ్చు, ఆ సందు కొలిచే గేజ్ పెట్టించకుండా పేల్చకండి. ఆ రైఫిల్లో కాల్చిన ఖాళీ కేసులు (తూటాల ఇత్తడి డొప్పలు) అడగండి. అడుగుకి కాస్త పైన మెరిసే వలయం ఉంటే కేసు అక్కడ తెగడానికి సిద్ధంగా ఉందని అర్థం.

టైమ్ లేదు, గబగబా చెబుతాను. కర్ర: బాడీ కూర్చునే చోట, వెనక మూలల్లో పగుళ్ళు. కొత్త వార్నిష్ ఉంటే అక్కడే ఇంకోసారి చూడండి. ధర: పైరంగు పోతే కొంచెం తగ్గించండి, గొట్టం పోతే సగానికి దింపండి, నంబర్లు చెరిపి ఉంటే అసలు ముట్టుకోవద్దు. కాగితాలు: అమ్మేవారు అమ్ముతున్నామని కలెక్టరుకో పోలీస్ స్టేషన్‌కో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. అడ్వాన్సు ఇచ్చేసినా సరే, అందాకా రైఫిల్ వాళ్ళింట్లోనే.