నిర్ణయానికి ముందే అడగండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే చదివారు, నేను మళ్లీ చదవను. మేనేజ్‌మెంట్‌లో ప్రజాస్వామ్య పద్ధతి గురించి మాట్లాడమని పిలిచారు. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 1939లో అచ్చువేసిన పరిశోధన మీరు చదివే ఉంటారు. పదేళ్ల పిల్లల క్లబ్బుల్లో మాస్కులు తయారుచేసే పని పెట్టి, వేరువేరు రకాల నాయకుల కింద ఎలా సాగుతుందో చూశారు. పెత్తనం చేసే నాయకుడు గది దాటి వెళ్తే అక్కడ పని పడిపోయేది, పిల్లలతో మాట్లాడి పని పంచిన చోట మాత్రం నాయకుడు లేకపోయినా సాగేది. అది చాలు, ఇక ఫ్యాక్టరీకి వద్దాం.

నేను పనిచేసిన ఫ్యాక్టరీ పేరు చెప్పను. అక్కడ ప్యాకింగ్‌లో ఎక్కువమంది ఆడవాళ్లే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లవారుజామున పల్లెవెలుగు బస్సులో వచ్చేవాళ్లు. ఒకరోజు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు: ఆరింటి షిఫ్ట్ సోమవారం నుంచి ఐదున్నరకి. బస్సేమో గేటు దగ్గరికి వచ్చేది ఆరుకి పది నిమిషాల ముందు! ఈ సంగతి గేటు దగ్గర టీ అమ్మే ఆయనకి కూడా తెలుసు. ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. కొందరు నలుగురైదుగురు కలిసి ఆటో మాట్లాడుకున్నారు, ఆ ఖర్చు భరించలేనివాళ్లు మానేశారు. మానేసిన ఒకావిడ లెక్క తేల్చుకోవడానికి వచ్చి, "ముందే అడిగుంటే బస్సు లేదని ఒక్క మాటలో చెప్పేవాళ్లం కదన్నా" అంది.

వెనక వాళ్లకి వినబడుతోందా? ఇక్కడి నుంచి కాస్త శ్రద్ధగా వినండి.

యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే వర్క్స్ కమిటీ 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేది. వంద మంది, అంతకు మించి కార్మికులున్న చోట ప్రభుత్వం ఆదేశిస్తే ఆ కమిటీ పెట్టాలి, అందులో కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం వాళ్ల కన్నా తక్కువ ఉండకూడదు. 2020లో చేసిన కొత్త చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ దాన్ని ఉంచారు. మా దగ్గరా కమిటీ ఉండేది, నేను అందులో సభ్యుణ్ని. ఆ నోటీసు వచ్చిన వారానికి ఆఫీసు బాయ్ మినిట్స్ పుస్తకం, అంటే మీటింగులో ఏం మాట్లాడారో రాసే పుస్తకం పట్టుకొచ్చాడు, సంతకం పెట్టమని. చదివితే, షిఫ్ట్ మార్పు గురించి చర్చించారు, సభ్యులందరూ ఒప్పుకున్నారు అని రాసుంది. "ఎప్పుడు చర్చించాం సార్?" అని పైకెళ్లి అడిగితే, ఫార్మాలిటీయే కదా, ఇందులో టెన్షన్ పడాల్సిందేముంది అన్నారు. నేను సంతకం పెట్టలేదు. మిగతావాళ్లు పెట్టారు, వాళ్లనీ తప్పుపట్టలేను, ఇంటి అద్దెలు కట్టాలిగా. షిఫ్ట్ ఐదున్నరకే ఉండిపోయింది. ఇన్నేళ్లైనా నాకు ఆ కోపం తగ్గలేదు.

అడుగుతూ కూర్చుంటే ప్రొడక్షన్ ఏం కావాలి అంటారు. అమెరికాలో, వర్జీనియాలోని మారియన్ అనే ఊళ్లో హార్‌వుడ్ కంపెనీకి పైజమాలు కుట్టే ఫ్యాక్టరీ ఉండేది. పని పద్ధతి మార్చినప్పుడల్లా జనం మానేస్తున్నారని కోచ్, ఫ్రెంచ్ అనే ఇద్దరు అక్కడ చేసిన ప్రయోగం 1948లో వెలువడింది. పిలిచి మార్పు ప్రకటించి వదిలేసిన గ్రూపులో 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. ఎందుకు మార్చాలో చెప్పి, ఎలా మార్చాలో అందరితో కూర్చుని తేల్చుకున్న గ్రూపుల్లో ఒక్కరూ మానలేదు, పైగా ఉత్పత్తి పాతదాని కన్నా దాదాపు 14 శాతం పెరిగింది. అంటే యాజమాన్యానికి నష్టమేం లేదు, లాభమే. అడిగిన ప్రతిదానికీ తలూపమని కూడా నేను అనడం లేదు, కుదరకపోతే ఎందుకు కుదరదో ఎదురుగా కూర్చుని చెప్పండి, వింటారు.

మీలో చాలామంది రేపు హెచ్ఆర్‌లో చేరతారు. చేరిన మొదటి వారంలోనే ఆ మినిట్స్ పుస్తకం తెప్పించుకోండి బాబూ, అమ్మా. చివరి మీటింగ్ తేదీ చూసి, కిందికి ఫ్లోర్‌లోకి వెళ్లి, సంతకం పెట్టినవాళ్లని ఆ రోజు ఏం మాట్లాడుకున్నారో అడగండి. సూపర్‌వైజర్ని పక్కన పెట్టుకుని మాత్రం అడగకండి.

ఇక ప్రశ్నలు. ఇందాకటి నుంచి ఆ అమ్మాయి చెయ్యెత్తే ఉంది, మైకు అటివ్వండి.